సాకెట్ నుంచి కోర్ దాకా: సర్వర్ వర్చువలైజేషన్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ లైసెన్సు నిబంధనల సమీక్ష

ఒకే భౌతిక సర్వర్‌లో పదులకొద్దీ వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్ కల్పించిన స్వతంత్ర కంప్యూటర్లను, నడిపే పద్ధతి బ్యాంకులకూ ప్రభుత్వ డేటా సెంటర్లకూ విశ్వవిద్యాలయాలకూ అలవాటై చాలా కాలమైనా, ఆ పద్ధతికి చెల్లించవలసిన సొమ్మును దేనిని బట్టి లెక్కకట్టాలన్న ప్రశ్న ఇప్పటికీ ఒక కొలిక్కి రాలేదు. ప్రాసెసర్ల సంఖ్యను బట్టా, వాటిలోని కోర్లను, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలను, బట్టా, మెమరీని బట్టా, వర్చువల్ మెషీన్లను బట్టా అన్న విషయంలో కంపెనీకో రీతి ఉండగా, ఒకే కంపెనీ పదేళ్లలో మూడు నాలుగు రీతులు మార్చిన సందర్భాలూ ఉన్నాయి. ధరల జాబితాలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఇక్కడ తరచుగా పొరబడతారు. ఎందుకంటే ఈ రంగంలో కొనుగోలుదారును దెబ్బతీసింది ధర పెరగడం కన్నా కొలత మారడమే.

విషయం అర్థం కావాలంటే వర్చువలైజేషన్‌లోని రెండు పొరలను విడివిడిగా చూడాలి. సర్వర్ హార్డ్‌వేర్ మీద నేరుగా నడుస్తూ ప్రాసెసర్‌నూ మెమరీనీ వర్చువల్ మెషీన్లకు పంచిపెట్టేది హైపర్‌వైజర్. హైపర్‌వైజర్ నడిచే సర్వర్లను, అంటే హోస్టులను, పది ఉన్నా వంద ఉన్నా ఒకే తెర మీద నుంచి అజమాయిషీ చేసేది నిర్వహణ సాఫ్ట్‌వేర్. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఆపకుండా ఒక హోస్టు నుంచి మరొక హోస్టుకు తరలించడం, ఒక హోస్టు చెడిపోతే దాని మీది మెషీన్లను వేరేచోట తిరిగి లేపడం, ఎవరికి ఏ అధికారం ఉండాలో నిర్ణయించడం వంటివన్నీ ఈ రెండో పొర పనులు. మైక్రోసాఫ్ట్ హైపర్-వీ 2008లో విడుదలైంది, లినక్స్ కెర్నల్‌లో కేవీఎం అంతకు ముందు ఏడాదే చేరింది, వీఎంవేర్ సంస్థ కూడా తన ఈఎస్ఎక్స్ఐని 2008 జూలైలో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో మొదటి పొర దాదాపు ధర లేని సరుకైంది. అయితే ఉచిత ఈఎస్ఎక్స్ఐని వీసెంటర్‌తో, అంటే ఆ సంస్థ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో, కలపడానికి వీలుండదు. హైపర్‌వైజర్ ఉచితమై నిర్వహణకు మాత్రమే రుసుము ఉన్న ఆ ఏర్పాటులోనే ఈ మొత్తం వ్యవహారపు కీలకం ఉంది: డబ్బు ఎక్కడ వసూలవుతుందో లైసెన్సు కాపలా కూడా అక్కడే ఉంటుంది.

వీఎంవేర్ 1998లో కాలిఫోర్నియాలో పుట్టి, 2001లో ఈఎస్ఎక్స్ సర్వర్‌ను, 2003లో వర్చువల్‌సెంటర్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. ఇదే తరవాతి కాలంలో వీసెంటర్ సర్వర్ అయింది. తొలి దశలో కొలత సాకెట్, అంటే మదర్‌బోర్డు మీద ఒక ప్రాసెసర్ అమరే చోటు. రెండు ప్రాసెసర్ల హోస్టుకు రెండు లైసెన్సులు, దానికి తోడు వీసెంటర్‌కు ఇన్‌స్టెన్సు లెక్కన, అంటే స్థాపించిన ఒక్కొక్క నిర్వహణ సర్వర్‌కు, విడిగా ఒక లైసెన్సు తీసుకోవలసి వచ్చేది. చిన్న సంస్థల కోసం ఎసెన్షియల్స్ అనే కట్ట ఉండేది: రెండేసి ప్రాసెసర్లున్న మూడు హోస్టులకూ వాటిని మాత్రమే నిర్వహించే పరిమిత వీసెంటర్‌కూ కలిపి ఒకే ధర. ఈ లెక్కలో కొనేవారికి అయోమయం లేదు, ఎందుకంటే సర్వర్ మూత తీసి చూసినా, కొనుగోలు బిల్లు చూసినా ప్రాసెసర్లు ఎన్నో తెలిసిపోతుంది. చిక్కల్లా అమ్మేవారికే వచ్చింది. ప్రాసెసర్‌లో ఒక కోర్ ఉన్న రోజుల్లో కుదిరిన ధర, ఒకే ప్రాసెసర్‌లో నాలుగు, ఆరు, పన్నెండు కోర్లు ఇమిడేసరికి వారికి గిట్టుబాటు కాకుండా పోయింది. హార్డ్‌వేర్ బలపడిన కొద్దీ వినియోగదారుకు తక్కువ సర్వర్లు, అందువల్ల తక్కువ లైసెన్సులు చాలాయి. 2009లో వచ్చిన వీస్ఫియర్ 4, అంటే వీఎంవేర్ వర్చువలైజేషన్ సంపుటి, ఎడిషన్‌ను బట్టి ఒక్కో ప్రాసెసర్ లైసెన్సుకు ఆరు లేదా పన్నెండు కోర్ల హద్దు పెట్టడానికి కారణం ఇదే.

2011 జూలైలో వీస్ఫియర్ 5తో పాటు ప్రకటించిన వీర్యామ్ విధానం ఈ చరిత్రలో బాగా చెప్పుకోదగ్గ ఘట్టం. కోర్ల హద్దును తీసేసి, దాని స్థానంలో నడుస్తున్న వర్చువల్ మెషీన్లన్నిటికీ కేటాయించిన మెమరీ మొత్తానికి హద్దు పెట్టారు. అత్యున్నతమైన ఎంటర్‌ప్రైజ్ ప్లస్ ఎడిషన్‌లో ఒక ప్రాసెసర్ లైసెన్సుకు 48 జీబీ అని నిర్ణయించారు. రెండు ప్రాసెసర్లూ 256 జీబీ మెమరీ ఉన్న హోస్టును తీసుకుంటే, నిన్నటిదాకా రెండు లైసెన్సులతో సరిపోయిన ఆ హోస్టుకు, మెమరీ అంతా మెషీన్లకు కేటాయించిన పక్షంలో, ఆరు లైసెన్సులు కావలసి వచ్చాయి. వర్చువలైజేషన్ వల్ల కలిగే లాభమే ఒక హోస్టు మీద ఎక్కువ మెషీన్లు నడపడం కాబట్టి, ఎక్కువ మెమరీ కొని ఆ లాభాన్ని పొందినవారికే ఈ కొలత జరిమానా వేసింది. నిరసన ఎంత తీవ్రంగా వచ్చిందంటే, మూడు వారాలు గడిచేసరికి ఎంటర్‌ప్రైజ్ ప్లస్ హద్దును 96 జీబీకి పెంచారు, అప్పుడు అదే హోస్టుకు మూడు లైసెన్సులతో సరిపోయింది. ఏడాది తిరిగేసరికి, 2012 ఆగస్టులో, వీర్యామ్‌ను పూర్తిగా ఎత్తేసి మళ్లీ సాకెట్ లెక్కకు వచ్చారు. హైపర్-వీ ఎదుగుతున్న రోజులు కాబట్టి అప్పటి వినియోగదారుల మాటకు విలువ దక్కింది. అదే వినియోగదారులు 2023 తరవాత అంతకన్నా పెద్ద మార్పుకు అంతకన్నా గట్టిగా అభ్యంతరం చెప్పినా విక్రేత వెనక్కి తగ్గకపోవడాన్ని దీని పక్కన పెట్టి చూడాలి.

ఈ రెంటి మధ్య కాలంలో, 2020 ఏప్రిల్ నుంచి, ఒక ప్రాసెసర్ లైసెన్సు 32 కోర్ల దాకానే చెల్లుతుందన్న నిబంధన వచ్చింది. ఏఎండీ సంస్థ అంతకు ముందు ఏడాది 64 కోర్ల ప్రాసెసర్లను విడుదల చేసిన నేపథ్యంలో ఇది ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. పేరుకు సాకెట్ లెక్కే అయినా కోర్ లెక్కకు దారి అప్పుడే పడింది. 2022 మేలో ప్రకటించిన కొనుగోలు ఒప్పందం ప్రకారం 2023 నవంబరు 22న వీఎంవేర్ బ్రాడ్‌కామ్ సంస్థ చేతికి వెళ్లింది. మూడు వారాలలోపే, డిసెంబరు 11న, శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని నిలిపివేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. శాశ్వత లైసెన్సు అంటే ఒకసారి సొమ్ము కట్టి ఆ వెర్షన్‌ను ఎన్నాళ్లయినా వాడుకునే హక్కు. దాని స్థానంలో వచ్చిన సబ్‌స్క్రిప్షన్‌లో గడువు ఉన్నన్నాళ్లే వాడుక హక్కు ఉంటుంది. కొలత పూర్తిగా కోర్‌కు మారి, ప్రాసెసర్ ఒక్కింటికి కనీసం 16 కోర్లకు చెల్లించాలన్న షరతు చేరింది. అందువల్ల ఎనిమిదేసి కోర్లున్న రెండు ప్రాసెసర్ల పాత సర్వర్‌లో ఉన్నవి 16 కోర్లే అయినా 32 కోర్లకు డబ్బు కట్టాలి. విడివిడిగా కొనుక్కునే వీలున్న అనేక ఉత్పత్తులను ప్రధానంగా వీస్ఫియర్ ఫౌండేషన్, క్లౌడ్ ఫౌండేషన్ అనే కట్టలుగా మార్చారు. వీసెంటర్‌కు విడి లైసెన్సు అక్కరలేదన్న సౌలభ్యం ఈ మార్పులో ఉన్న మాట నిజమే గానీ, అక్కరలేని సరుకును కూడా కట్టలో కొనవలసి రావడం ముందు ఆ సౌలభ్యం చిన్నది. చిన్న సంస్థల ఎసెన్షియల్స్ కట్ట కూడా 96 కోర్ల సబ్‌స్క్రిప్షన్‌గా రూపం మార్చుకుని 2024 నవంబరులో అమ్మకం నుంచి తప్పుకుంది. ఉచిత ఈఎస్ఎక్స్ఐని 2024 ఫిబ్రవరిలో తొలగించి, 2025 ఏప్రిల్‌లో పెద్దగా చెప్పకుండానే మళ్లీ తెచ్చారు.

ఈ మార్పు కోర్టులకెక్కింది. సుమారు 8,600 సర్వర్ల మీద 75,000 వర్చువల్ మెషీన్లు నడుపుతున్న ఏటీ అండ్ టీ సంస్థ, తన శాశ్వత లైసెన్సులకు ఒప్పందం ప్రకారం ఇవ్వవలసిన సపోర్టు పొడిగింపును నిరాకరిస్తున్నారంటూ 2024 ఆగస్టులో బ్రాడ్‌కామ్ మీద న్యూయార్క్ కోర్టులో దావా వేసి, నవంబరులో రాజీపడింది. బ్రిటన్‌కు చెందిన టెస్కో 2025లో ఇలాంటి వాదనతోనే లండన్‌లో కోర్టుకు వెళ్లింది. ఐరోపా క్లౌడ్ సంస్థల సంఘమైన సిస్పే అదే ఏడాది జూలైలో, వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనడానికి ఐరోపా కమిషన్ ఇచ్చిన అనుమతినే రద్దు చేయాలని ఐరోపా జనరల్ కోర్టును కోరింది. ఎదురు దిశలో, అనుమతికి మించి సాఫ్ట్‌వేర్ వాడారన్న ఆరోపణతో 2025 మార్చిలో సీమెన్స్ మీద వీఎంవేరే అమెరికాలో దావా వేసింది. లైసెన్సుల మీద నడిచిన ఈ వ్యాజ్యాలలో వివాదాంశం సాఫ్ట్‌వేర్ నాణ్యత కాదు. శాశ్వత లైసెన్సు కొన్నవారికి సపోర్టు కూడా శాశ్వతంగా కొనసాగించాలా, ఎవరు ఎన్ని ప్రతులు వాడుతున్నారో రుజువు చేయవలసిన భారం ఎవరిది అన్న ప్రశ్నలే.

లైసెన్సు నిబంధన కాగితం మీద ఎలా ఉన్నా, నిర్వహణ సాఫ్ట్‌వేర్ దానిని అమలు చేసే తీరును దగ్గర నుంచి చూడటం మేలు. వర్చువల్‌సెంటర్ రోజుల్లో లైసెన్సు సర్వర్ అనే మరొక ప్రోగ్రాము ఉండేది. 2009 నుంచి దాని స్థానంలో ఐదేసి అక్షరాల ఐదు గుంపులుగా ఉండే 25 అక్షరాల కీ వచ్చింది. కీ ఇవ్వకుండా స్థాపిస్తే వీసెంటరూ హోస్టులూ 60 రోజుల పాటు అన్ని సౌకర్యాలతో నడుస్తాయి. గడువు ముగిసిన హోస్టు వీసెంటర్ నుంచి విడిపోతుంది. అప్పటికే నడుస్తున్న వర్చువల్ మెషీన్లు ఆగిపోవు గానీ, వాటిలో దేనినైనా ఒకసారి ఆపితే మళ్లీ ఆన్ చేయడానికి వీలుండదు. అంటే లైసెన్సు తీరిపోయిన సంగతి ఆ రోజే బయటపడకపోవచ్చు. నెలల తరవాత ఒక రాత్రి ప్యాచ్ కోసం మెషీన్‌ను ఆపినప్పుడు బయటపడుతుంది, ఆ వేళకు అమ్మినవారి ఆఫీసు మూసి ఉంటుంది. 2025 జూన్‌లో వచ్చిన క్లౌడ్ ఫౌండేషన్ 9లో కీల స్థానాన్ని లైసెన్సు ఫైలు ఆక్రమించింది, వాడుక లెక్కను ప్రతి 180 రోజులకు ఒకసారి బ్రాడ్‌కామ్‌కు నివేదించాలన్న షరతు చేరింది. ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా నడిచే రక్షణ, విద్యుత్ రంగాల డేటా సెంటర్లలో ఫైలును చేత్తో తీసుకెళ్లి ఇచ్చే మార్గం ఉన్నా, ఆ తేదీని గుర్తుపెట్టుకునే బాధ్యత ఒక మనిషి మీద పడుతుంది.

మైక్రోసాఫ్ట్ పద్ధతి వేరు. దాని నిర్వహణ సాఫ్ట్‌వేర్ వర్చువల్ మెషీన్ మేనేజర్‌ను విడిగా అమ్మరు. అది సిస్టమ్ సెంటర్ అనే సంపుటిలో భాగం. ఇందులో నిర్వహించే సర్వర్‌కు లైసెన్సు లేదు, నిర్వహణకు లోబడే సర్వర్లకే ఉంటుంది. సంపుటి పనికి కావలసిన ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసు కూడా అందులోనే వస్తుంది. ఇదే సాఫ్ట్‌వేర్‌తో వీఎంవేర్ హోస్టులను కూడా చూసుకోవచ్చునన్న ప్రచారం విని ఖర్చు కలిసొస్తుందనుకునేవారు గమనించవలసిందేమిటంటే, ఆ హోస్టులతో అది వీసెంటర్ ద్వారానే మాట్లాడుతుంది కాబట్టి రెండు సంస్థలకూ చెల్లించక తప్పదు. 2016 వెర్షన్ల నుంచి విండోస్ సర్వర్, సిస్టమ్ సెంటర్ రెండూ కోర్ లెక్కకు మారాయి: ప్రాసెసర్‌కు కనీసం 8 కోర్లు, సర్వర్‌కు కనీసం 16 కోర్లు. హోస్టులోని కోర్లన్నిటికీ లైసెన్సు తీసుకున్న తరవాత స్టాండర్డ్ ఎడిషన్‌లో రెండు విండోస్ వర్చువల్ మెషీన్లకు, డేటాసెంటర్ ఎడిషన్‌లో ఎన్నిటికైనా హక్కు వస్తుంది. మరో రెండు మెషీన్లు కావాలంటే ఆ కోర్లన్నిటికీ స్టాండర్డ్ లైసెన్సును మరోసారి కొనాలి. విండోస్ సర్వర్ 2022 ప్రకటిత ధరల్లో 16 కోర్లకు స్టాండర్డ్ 1,069 డాలర్లు, డేటాసెంటర్ 6,155 డాలర్లు. ఐదుసార్లు స్టాండర్డ్ కొంటే పది మెషీన్లకు 5,345 డాలర్లవుతుంది, పదకొండో మెషీన్ కోసం ఆరోసారి కొంటే 6,414 అవుతుంది. కాబట్టి హోస్టుకు పది మెషీన్లు దాటితే డేటాసెంటర్ ఎడిషనే చవక.

ఆడిట్లలో ఎక్కువగా దొరికిపోయే పొరపాటు మాత్రం ఈ లెక్కలో కాదు, తరలింపులో ఉంది. విండోస్ సర్వర్ లైసెన్సు హోస్టు హార్డ్‌వేర్‌కు కట్టుబడి ఉంటుంది, హార్డ్‌వేర్ పాడైతే తప్ప దానిని 90 రోజులలోపు మరొక సర్వర్‌కు మార్చకూడదు. నిర్వహణ సాఫ్ట్‌వేర్ మాత్రం వర్చువల్ మెషీన్‌ను నిమిషంలో పక్క హోస్టుకు పంపేస్తుంది. మెషీన్ వెళ్లినా లైసెన్సు వెళ్లదు కాబట్టి, రెండు హోస్టులు ఒకే గుంపుగా పనిచేసే క్లస్టర్‌లో పది మెషీన్లుంటే, అవి ఏ క్షణంలోనైనా ఒకే హోస్టు మీదికి చేరవచ్చు గనుక, రెండు హోస్టులకూ పదేసి మెషీన్ల హక్కు ఉండాలి. 2022 అక్టోబరు నుంచి సబ్‌స్క్రిప్షన్ గానీ సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అనే పథకం గానీ ఉన్నవారికి వర్చువల్ కోర్ల లెక్కన, మెషీన్‌కు కనీసం ఎనిమిది చొప్పున, లైసెన్సు తీసుకునే వీలు కల్పించారు. అద్దె హార్డ్‌వేర్ మీద నడిపేవారికి ఇది మేలు.

ఈ తరలింపు సమస్య ఒరాకిల్ డేటాబేసు విషయంలో మరీ ముదిరింది. ఒరాకిల్ తన సర్వర్ విభజన విధాన పత్రంలో హార్డ్ పార్టిషనింగ్, సాఫ్ట్ పార్టిషనింగ్ అని రెండు వర్గాలు చేసి, వీఎంవేర్‌ను రెండో వర్గంలో వేసింది. సాఫ్ట్ వర్గానికి చెందిన విభజనను చూపి లైసెన్సుల సంఖ్య తగ్గించుకోవడాన్ని ఆ సంస్థ అంగీకరించదు. డేటాబేసు ఒక్క హోస్టు మీదే నడుస్తున్నా, అది వెళ్లగల హోస్టులన్నిటికీ లైసెన్సు కావాలన్నది దాని వాదన. పదహారేసి కోర్లున్న రెండు ప్రాసెసర్ల హోస్టులు పది ఉన్న క్లస్టర్‌ను ఊహిస్తే, ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక్కో కోర్‌కు వర్తించే 0.5 గుణకం ప్రకారం ఒక్క హోస్టుకు 16 లైసెన్సులు చాలు, మొత్తం క్లస్టర్‌కు 160 కావాలి. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ప్రకటిత ధర లైసెన్సుకు 47,500 డాలర్లు కాబట్టి, మొదటి లెక్క 7,60,000 డాలర్లు, రెండోది 76 లక్షల డాలర్లు. వీస్ఫియర్ 6 వచ్చాక ఒక వీసెంటర్ పరిధి నుంచి మరొక వీసెంటర్ పరిధికి కూడా మెషీన్లను తరలించే సౌకర్యం కలగడంతో ఈ వాదన పరిధి క్లస్టర్‌ను దాటి సంస్థ మొత్తానికి విస్తరించింది. విచిత్రమేమిటంటే, ఆ విధాన పత్రం తాను అవగాహన కోసమేననీ ఒప్పందంలో భాగం కాదనీ తనలోనే చెప్పుకుంటుంది. చాక్లెట్ల సంస్థ మార్స్ 2015 అక్టోబరులో ఈ విషయం మీద శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టుకు వెళ్లినా కేసు తీర్పు దాకా రాకుండానే ముగిసింది. అందువల్ల ఒరాకిల్ వాడే సంస్థలు ఆ డేటాబేసు కోసం వేరే హోస్టులు, వేరే వీసెంటర్, వేరే నెట్‌వర్కు, వేరే స్టోరేజీ పెట్టుకుంటున్నాయి. వనరులను కలిపి వాడుకోవడానికి పుట్టిన సాంకేతికతను లైసెన్సు భయంతో మళ్లీ విడదీయవలసి రావడం కన్నా ఎదురుదెబ్బ మరొకటి లేదు.

ఓపెన్ సోర్స్ మార్గంలో ఈ కొలతల గొడవ తగ్గుతుంది గానీ ఖర్చు మాయం కాదు. వియన్నాకు చెందిన సంస్థ 2008 నుంచి అందిస్తున్న ప్రాక్స్‌మాక్స్ వీఈలో హైపర్‌వైజరూ నిర్వహణా ఒకే కట్టలో, ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వస్తాయి. ఏ సౌకర్యానికీ తాళం లేదు. పరీక్షించి స్థిరపరచిన అప్‌డేట్ల భాండారం, సాంకేతిక సహాయం కావాలంటే సాకెట్ లెక్కన ఏడాదికి సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. కట్టనివారికి లాగిన్ అయినప్పుడల్లా సబ్‌స్క్రిప్షన్ లేదని గుర్తుచేసే సందేశం కనిపిస్తుంది, అంతకు మించి ఇబ్బంది లేదు. జెన్‌సర్వర్ కథ కొంచెం హెచ్చరికగా చదువుకోదగ్గది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి పుట్టిన జెన్ హైపర్‌వైజర్ ఆధారిత ఉత్పత్తిని 2007లో కొన్న సిట్రిక్స్, 2013లో దానిని ఓపెన్ సోర్స్ చేసి, 2017 డిసెంబరులో వచ్చిన 7.3 వెర్షన్‌తో ఉచిత ఎడిషన్‌కు మూడు హోస్టుల హద్దు పెట్టింది. సోర్సు కోడు బయటే ఉంది కాబట్టి 2018లో ఎక్స్‌సీపీ-ఎన్‌జీ పేరిట మరొక శాఖ లేచి నిలబడగలిగింది. కోడు మూసి ఉన్న ఉత్పత్తి వాడినవారికి అలాంటి దారి లేదు. రెడ్ హ్యాట్ మాత్రం లైసెన్సు మార్చలేదు, ఉత్పత్తినే విరమించుకుంది: రెండు సాకెట్ల లెక్కన సబ్‌స్క్రిప్షన్ తీసుకునే రెడ్ హ్యాట్ వర్చువలైజేషన్‌కు 2024 ఆగస్టుతో నిర్వహణ ముగించి, వినియోగదారులను తన మరో వేదిక ఓపెన్‌షిఫ్ట్ వైపు మళ్లించింది. ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన కొనసాగుతుందన్న హామీ ఏమీ ఉండదన్నమాట.

చట్టం వైపు చూస్తే, లైసెన్సు కొన్నవారికి దక్కే హక్కు దేశాన్ని బట్టి మారుతుంది. విక్రేత శాశ్వత వాడుక హక్కుతో ఇచ్చిన ప్రతిని మొదటి కొనుగోలుదారు తిరిగి అమ్ముకోవచ్చునని ఐరోపా న్యాయస్థానం 2012 జూలైలో యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో తీర్పు చెప్పింది. సబ్‌స్క్రిప్షన్‌కు ఆ సూత్రం వర్తించదు కాబట్టి, శాశ్వత లైసెన్సులు కనుమరుగైతే సెకండ్‌హ్యాండ్ మార్కెట్టూ కనుమరుగవుతుంది. భారతదేశంలో కంప్యూటర్ ప్రోగ్రాము 1957 కాపీరైట్ చట్టం కింద సాహిత్య కృతి. న్యాయంగా ప్రతిని పొందినవారు దానిని ఉద్దేశించిన పనికి వాడటానికీ బ్యాకప్ కోసమూ నకలు తీసుకోవడాన్ని 52వ సెక్షను అనుమతిస్తుంది, తెలిసి అక్రమ ప్రతిని వాడితే 63-బీ సెక్షను కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలూ యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. తుది వినియోగదారు లైసెన్సు ద్వారా కాపీరైట్ బదిలీ కాదనీ, అందువల్ల విదేశీ కంపెనీకి సాఫ్ట్‌వేర్ కోసం కట్టే సొమ్ము రాయల్టీ కాదనీ సుప్రీంకోర్టు 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసులో తేల్చింది. ఈ తీర్పు పన్నుల కోసం వచ్చినదే అయినా, కొన్నది సొత్తు కాదు, వాడుక అనుమతి మాత్రమే అన్న సంగతిని స్పష్టం చేసింది.

కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన ఓపెన్ సోర్స్ విధానం, టెండర్లలో ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయాన్ని పరిశీలించాలనీ, దానిని విడిచిపెడితే కారణం చూపాలనీ కోరుతుంది. హైదరాబాద్ సహా పలు చోట్ల జాతీయ డేటా సెంటర్లు నడిపే, కేంద్ర ప్రభుత్వ ఐటీ విభాగమైన ఎన్‌ఐసీ వంటి సంస్థకు లినక్స్ తెలిసిన సిబ్బంది ఉండవచ్చు. జిల్లా స్థాయి సహకార బ్యాంకుకో కాలేజీకో అలాంటి మనిషిని నిలబెట్టుకోవడం లైసెన్సు కొనడం కన్నా కష్టం కావచ్చు. ఈ సంస్థలు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) పేరిట ఏటా కడుతున్న మొత్తంలో హార్డ్‌వేర్ మరమ్మతు ఎంత, సాఫ్ట్‌వేర్ సపోర్టు ఎంత అన్నది విడదీసి చూడకపోవడం వల్లే సబ్‌స్క్రిప్షన్ కొటేషన్ చేతికి వచ్చినప్పుడు ఉలిక్కిపడుతున్నాయి. కొత్త సర్వర్ కొనేటప్పుడు కూడా కోర్ల సంఖ్య ఎక్కువ ఉన్నదాన్ని మంచిదిగా ఎంచడం పాత అలవాటు; కోర్ లెక్కన చెల్లించేవారికి, తక్కువ కోర్లతో ఎక్కువ వేగం ఉన్న ప్రాసెసర్ ఐదేళ్ల ఖర్చులో గణనీయమైన తేడా తెస్తుంది. అలాగని 16 కన్నా తక్కువ కోర్లున్న ప్రాసెసర్ తీసుకుంటే వీఎంవేర్ పెట్టిన కనీస షరతు వల్ల ప్రయోజనం లేదు.

వీస్ఫియర్ 7కు సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 2తో ముగిసింది, వీస్ఫియర్ 8కు 2027 అక్టోబరు 11తో ముగుస్తుంది. తొమ్మిదో తరం సబ్‌స్క్రిప్షన్ కింద మాత్రమే దొరుకుతుంది. శాశ్వత లైసెన్సులున్న సంస్థలు కోర్ లెక్కకు మారాలో, వేరే వేదికకు వెళ్లాలో ఆ రెండో తేదీలోపు తేల్చుకోవలసి ఉంటుంది. వర్చువల్ మెషీన్లు వందల్లో ఉన్న చోట తరలింపు పనికే ఏడాది పడుతుంది కాబట్టి, నిర్ణయానికి మిగిలిన వ్యవధి ఆ తేదీ చూపే దానికన్నా తక్కువ.